చలికాలంలో కోడిపిల్లలు: తక్కువ వేడితో గట్టెక్కించే పద్ధతి

చలి రోజుల్లో కోడిపిల్లల్ని పెంచాలంటే చాలామందికి ముందు గుర్తొచ్చేది 250 వాట్ల హీట్ ల్యాంప్. పెట్టె మీద దాన్ని వేలాడదీస్తే పిల్లలు బతుకుతాయి, కాదనను. కానీ నెలన్నర పాటు ఎండు పొట్టు మీద వేడి బల్బు వేలాడుతుంటే నిప్పు భయం ఉండనే ఉంటుంది. పిల్లలకు చీకటంటే తెలియకుండా పోతుంది. రాత్రి కరెంటు పోతే ఆ టెన్షన్ వేరు, ఎందుకంటే ఆ పిల్లలకు వెచ్చదనం అంతా ఆ ఒక్క తీగ మీదే ఆధారపడి ఉంటుంది.

తల్లికోడి ఈ పని ఎలా చేస్తుందో ఒకసారి గమనించండి. బాగా చలిగా ఉన్న ఉదయం పెట్ట ముడుచుకుని కూర్చుంటుంది. రొమ్ము ఈకల్లోంచి ముందు ఒక తల బయటికొస్తుంది, కాసేపటికి రెక్క పక్కనుంచి ఇంకొకటి. బయటికి దూకి రెండు గింజలు పొడుస్తాయి, కాళ్లతో మట్టి గీరతాయి, నీళ్లు తాగుతాయి. నాలుగైదు నిమిషాలకు ఒంట్లో చలి పుట్టగానే పరుగున వచ్చి మళ్లీ పొట్ట కింద దూరతాయి. పెట్ట చుట్టూ ఉన్న గాలి అంతకుముందు ఎంత చల్లగా ఉందో ఇప్పుడూ అంతే చల్లగా ఉంది. పెట్ట గాలిని వేడి చెయ్యలేదు, పిల్లల వీపులకు తన ఒళ్లు ఆనించింది, అంతే.

ఈ పద్ధతి సారం కూడా అదే. పెట్టె మొత్తాన్నీ, గది మొత్తాన్నీ వేడెక్కించరు. పిల్ల ఎప్పుడు కావాలంటే అప్పుడు దూరగలిగే ఒక్క చోటును వెచ్చగా ఉంచుతారు, దాన్నే ఇక్కడ వెచ్చగది అంటాను. మిగతా స్థలం చల్లగా ఉన్నా పర్వాలేదు. కాకపోతే పొడిగా ఉండాలి, నేల మట్టంలో గాలి కొట్టకూడదు.

పిల్ల ఒళ్లు చలికి ఎందుకు ఆగదు

ఒక్క రోజు పిల్ల శరీర ఉష్ణోగ్రత దాదాపు 40 డిగ్రీల సెల్సియస్ ఉంటుంది. పెద్ద కోడికి ఇంకో డిగ్రీ ఎక్కువ. తేడా ఏమిటంటే, పెద్ద కోడి ఆ వేడిని తానే నిలబెట్టుకోగలదు, చిన్న పిల్లకు ఆ శక్తి మొదటి రెండు వారాల్లో మెల్లగా వస్తుంది. ఒళ్లు చిన్నది కాబట్టి బరువుతో పోలిస్తే చర్మం విస్తీర్ణం ఎక్కువ, వేడి త్వరగా పోతుంది. పైన ఉన్నది ఈకలు కాదు, నూగు. నూగు పొడిగా ఉన్నంతసేపు మధ్యలో గాలిని పట్టుకుని కాస్త కాపాడుతుంది. తడిసిందంటే చర్మానికి అతుక్కుపోతుంది, ఇక అది ఉన్నా లేనట్టే. చలికాలంలో చనిపోయే పిల్లల్లో చలి కంటే తడి వల్ల పోయేవే ఎక్కువని నా అభిప్రాయం.

ఈకలు ముందు రెక్కల మీద, తర్వాత తోక దగ్గర, భుజాల మీద, రొమ్ము మీద వస్తాయి. వీపు, మెడ, రెక్కల అడుగు భాగం చివర్లో నిండుతాయి. మొత్తం ఈకలు పట్టడానికి జాతిని బట్టి ఐదారు వారాలు పడుతుంది.

పుస్తకాల్లో కనిపించే లెక్క మీకు తెలిసే ఉంటుంది: మొదటి వారం 35 డిగ్రీలు, ఆ తర్వాత వారానికి 3 డిగ్రీల చొప్పున తగ్గించాలి. ఆ లెక్క తప్పు కాదు. కానీ అది వేడి ఉన్న చోట, పిల్ల వీపు ఎత్తులో ఉండాల్సిన ఉష్ణోగ్రత. గది ఉష్ణోగ్రత కాదు. ఈ ఒక్క విషయం తెలియక గదినంతా 35 డిగ్రీలకు వేడి చేసి, పిల్లలు ముక్కులు తెరుచుకుని రొప్పుతుంటే ఏదో జబ్బు అనుకునేవాళ్లున్నారు. ఎప్పుడూ ఉక్కలోనే పెరిగిన పిల్లలకు ఈకలు కూడా సరిగా రావు.

మొదలుపెట్టే ముందు: ఎవరికి కుదురుతుంది, ఎవరికి కుదరదు

ఈ పద్ధతిలో పిల్లలే ఒకదానికొకటి సగం హీటరు. అందుకే కనీసం 12 పిల్లలుండాలి, 20 ఉంటే ఇంకా మంచిది. రెండు మూడు పిల్లలే ఉంటే మానుకోండి, వాటికి నికరమైన వేడి కావాల్సిందే. మరీ ఎక్కువైనా ఇబ్బందే. 50 పిల్లల్ని ఒకే గుంపుగా పెడితే కింద పడ్డవి నలిగి ఊపిరాడక చస్తాయి. అంత ఉంటే రెండు మూడు పెట్టెలుగా విడదీయండి.

అన్నీ ఒకే ఈడు పిల్లలై ఉండాలి. వారం పెద్దవి చిన్నవాటిని తొక్కేస్తాయి, వెచ్చని చోటు తామే ఆక్రమిస్తాయి.

మాంసం కోసం వేగంగా పెరిగే బ్రాయిలర్ పిల్లలకు నేను ఈ పద్ధతి చెప్పను. వాటి ఒళ్లు పెరిగినంత వేగంగా ఈకలు రావు. పైగా చలిలో ఆక్సిజన్ అవసరం పెరిగి గుండె, ఊపిరితిత్తుల మీద భారం పడుతుంది, పొట్టలో నీరు చేరే జబ్బు వాటికి చలిలోనే ఎక్కువ. మరీ చిన్న సైజు బాంటం జాతులు, పట్టులాంటి ఈకలుండే సిల్కీలు కూడా మొదటిసారి ప్రయత్నానికి తగవు. గట్టి ఒళ్లున్న మామూలు గుడ్ల జాతులు, గుడ్లకూ మాంసానికీ రెండింటికీ పనికొచ్చే జాతులు బాగా తట్టుకుంటాయి.

చోటు విషయానికొస్తే, మొదటి రెండు వారాలు ఇంటి లోపలో, గాలి దూరని షెడ్డులోనో పెట్టండి. ఆ గది 15 డిగ్రీల పైన ఉంటే పని సులువు. 10 నుంచి 15 మధ్య ఉంటే వెచ్చగదిలో నికరంగా ఒక వేడి వనరు ఉండాలి. 10 కంటే పడిపోయే చోట ఒక్క రోజు పిల్లలతో తక్కువ వేడి ప్రయోగాలు వద్దు. రెండు వారాలు ఇంకెక్కడైనా పెంచి అప్పుడు తీసుకెళ్లండి.

అడుగు 1: బయటి పెట్టె

20 పిల్లలకు మొదట్లో ఒక చదరపు మీటరు చాలు, నాలుగో వారానికి రెండింతలు కావాలి. గోడలు 45 సెంటీమీటర్లకు తగ్గకుండా కట్టండి. రెండో వారం దాటాక ఎగరడం మొదలుపెడతాయి కాబట్టి పైన వల వెయ్యండి. మూలలు ఉండకూడదు. చలేసినా భయపడినా పిల్లలు మూలకే చేరి ఒకదాని మీద ఒకటి ఎక్కుతాయి. అట్టముక్క వంచి ప్రతి మూలనూ గుండ్రంగా చేసేస్తే సరిపోతుంది.

పెట్టెను నేరుగా సిమెంటు నేల మీద పెట్టొద్దు. కింద చెక్క పలకలో, మందపాటి అట్టలో, థర్మోకోల్ షీటో వేసి దానిమీద పెట్టండి. పైన ఎంత కప్పినా కింది నుంచి చల్లటి నేల వేడిని లాగేస్తూనే ఉంటుంది.

గాలి పరీక్ష: ఒక పుల్లకు సన్నటి దారం కట్టి, పొట్టు మీద నుంచి ఐదు సెంటీమీటర్ల ఎత్తులో పెట్టెలో అక్కడక్కడా పట్టుకుని చూడండి. దారం ఊగితే అక్కడ పిల్ల ఒంటికి గాలి తగులుతున్నట్టే. అదే దారం గోడ పైఅంచు దగ్గర కొంచెం కదలాలి. పైన గాలి మారకపోతే తేమ, రెట్ట నుంచి వచ్చే ఘాటైన అమ్మోనియా లోపలే ఉండిపోతాయి. చలికి భయపడి పెట్టెను ప్లాస్టిక్ షీటుతో పూర్తిగా మూసేయడం చాలామంది చేసే పని. తెల్లారేసరికి షీటు లోపలి వైపు నీటి బొట్లు పడతాయి, ఆ బొట్లన్నీ పిల్లల మీద కురుస్తాయి.

అడుగు 2: కింద పరుపు

పొడి చెక్క పొట్టు గానీ ఊక గానీ 8 నుంచి 10 సెంటీమీటర్ల మందాన పరవండి. మరీ పొడిలాంటి రంపపు పొట్టు వద్దు, పిల్లలు తింటాయి, దుమ్ము ఊపిరిలోకి పోతుంది. దేవదారు లాంటి ఘాటు వాసన చెక్క కూడా వద్దు. న్యూస్‌పేపరు ఒక్కటే పరిస్తే కాళ్లు జారి రెండు వైపులకీ విడిపోతాయి, అలా రెండు రోజులు జరిగితే కాళ్లు మళ్లీ దగ్గరకు రావడం కష్టం. మొదటి రెండు రోజులు పొట్టు మీద గరుకు గుడ్డ పరిచి, దాని మీద కొంచెం దాణా చల్లితే పొట్టు తినకుండా దాణా తినడం నేర్చుకుంటాయి.

అడుగు 3: వెచ్చగది

అసలు పనంతా ఇక్కడే ఉంది. బయటి పెట్టెలో ఒక చివర చిన్న గది కట్టాలి, తల్లికోడి పొట్ట చేసే పని ఇది చెయ్యాలి. కరెంటు లేని రోజుల్లో ఇదే నమూనాలో పొయ్యి లేని బ్రూడర్లు, అంటే పిల్లల్ని వెచ్చగా పెంచే పెట్టెలు, వాడేవారు. 20వ శతాబ్దం మొదట్లో అమెరికాలో ఇలాంటివి తయారుచేసి అమ్మారు కూడా.

20 పిల్లలకు లోపలి కొలత 35 సెంటీమీటర్ల పొడవు, 35 వెడల్పు ఉంటే రెండు వారాల దాకా సరిపోతుంది. పెద్దదిగా కడితే మంచిదనుకోకండి. ఖాళీ ఎక్కువైతే పిల్లల ఒంటి వేడి ఆ ఖాళీని వేడి చెయ్యడానికే పోతుంది. గోడలకు రెండు అట్టపెట్టెలు, ఒకదానిలో ఒకటి పట్టేవి తీసుకోండి. మధ్యలో 8 సెంటీమీటర్ల సందు ఉంచి అందులో ఎండుగడ్డో, ఊకో, పాత ఉన్ని బట్టలో కూరండి. గట్టిగా దట్టించకండి. వేడిని ఆపేది కూరిన వస్తువు కాదు, దాని మధ్య చిక్కుకున్న గాలి.

గుమ్మం 10 సెంటీమీటర్ల వెడల్పు, 8 ఎత్తు. దానికి ఫ్లీస్ గుడ్డను (చలి దుస్తులకు వాడే మెత్తటి నూగు బట్ట) నిలువు పీలికలుగా కోసి తెరలా వేలాడదీయండి. ఫ్లీస్ ఎందుకంటే కోసిన అంచుల్లోంచి దారాలు ఊడవు. టర్కీ టవలు, అల్లిక ఉన్ని అస్సలు వాడొద్దు. వేళ్లకు దారం చుట్టుకుని, వాపొచ్చి, వేలే పోయిన పిల్లలుంటాయి.

ఇక పైకప్పు. సన్నటి కర్రలతో 35కి 35 చట్రం చేసి దానికి ఫ్లీస్ గుడ్డనో, పాత మెత్తటి ఉన్ని దుప్పటి ముక్కనో వదులుగా బిగించండి. అంచుల దగ్గర పొట్టు నుంచి 9 సెంటీమీటర్ల ఎత్తు ఉండాలి, మధ్యలో గుడ్డ కిందికి జారి 6 సెంటీమీటర్లకు రావాలి. కూర్చున్న పిల్ల వీపుకు గుడ్డ తగలాలి, లేచి నిలబడితే తలతో ఎత్తగలిగేలా తేలిగ్గా ఉండాలి. ఈ తగలడమే ముఖ్యం. పైన ఒక జానెడు ఖాళీ వదిలేస్తే వెచ్చటి గాలి అక్కడికి చేరి ఊరికే ఉంటుంది, పిల్ల వీపు మాత్రం చల్లగానే ఉంటుంది. చట్రం మీద ఎండుగడ్డి నింపిన మెత్తటి సంచి ఒకటి పరవండి.

చట్రాన్ని గోడలకు అతికించొద్దు. నాలుగు మూలలా చెక్కముక్కల మీద ఆనించి ఉంచితే పిల్లలు పెరిగేకొద్దీ మూడు నాలుగు రోజులకోసారి సెంటీమీటరు, రెండు సెంటీమీటర్లు లేపడం తేలిక. చట్రం కింద, గుమ్మానికి ఎదురు గోడ పైఅంచున పెన్సిలు పట్టేంత రంధ్రాలు నాలుగు పెట్టండి. అవి ఎంత చలైనా మూయొద్దు.

అడుగు 4: కొంచెం వేడి

వెచ్చగది ఉన్నా మొదటి వారం దానికి తోడుగా ఏదో ఒక వేడి కావాలి. మూడు దారులున్నాయి.

నాకు నచ్చేది హీట్ ప్లేట్, అంటే పిల్లలు కింద దూరేలా కాళ్ల మీద నిలబడే, కరెంటుతో వెచ్చబడే పలక. చిన్నవి 15 నుంచి 40 వాట్లలోపే లాగుతాయి, హీట్ ల్యాంప్‌తో పోలిస్తే కరెంటు ఎంతో తక్కువ. ప్లేట్ ఉంటే అదే పైకప్పు. చట్రం తీసేసి, వెనక కాళ్లు 6 సెంటీమీటర్లు, ముందు కాళ్లు 9 సెంటీమీటర్లు ఉండేలా వాలుగా పెట్టండి. ఏ పిల్ల ఎత్తుకు తగ్గ చోటు అది వెతుక్కుంటుంది. చుట్టుపక్కల 10 డిగ్రీల కంటే తగ్గితే పనిచెయ్యవని కొన్ని ప్లేట్ల మాన్యువల్‌లోనే రాసి ఉంటుంది, కొనే ముందు అది చూసుకోండి.

రెండోది వేడినీళ్ల సీసా. దీన్ని తేలిగ్గా తీసిపారేసేవాళ్లు ఒకసారి లెక్క చూడాలి. రెండు లీటర్ల నీళ్లు 60 డిగ్రీల నుంచి 35కి చల్లారేలోపు దాదాపు 58 వాట్-అవర్ల వేడిని ఇస్తాయి. అంటే 10 వాట్ల ప్లేట్ ఆరు గంటలు నడిచినంత. చుట్టూ గడ్డి కూరిన గదిలో ఆ వేడి వృథాగా పోదు. రబ్బరు హాట్ వాటర్ బ్యాగు గానీ, గట్టి మూత ఉన్న గాజు, స్టీలు సీసా గానీ వాడండి. పలచటి ప్లాస్టిక్ సీసాలు వేడికి ముడుచుకుపోయి మూత దగ్గర కారతాయి. నింపాక తలకిందులుగా పట్టి, గట్టిగా కుదిపి చూడండి. వెచ్చగదిలో నీళ్లు కారితే సీసా పెట్టకపోవడమే మేలనిపిస్తుంది. రెండు పొరల గుడ్డ చుట్టి, మణికట్టు లోపలి వైపు ఒక నిమిషం ఆనించి చూడండి, చురుక్కుమంటే ఇంకో పొర. వెనక గోడకు ఆనించి, దొర్లకుండా చెక్కముక్క అడ్డం పెట్టండి.

మూడోది ల్యాంప్. వేరే దారి లేకపోతేనే. క్లిప్పును నమ్మొద్దు. గొలుసుతో ఒకసారి, తీగతో ఇంకోసారి, రెండు వేర్వేరు కొక్కేలకు కట్టండి. ముందు జాలీ ఉండాలి, పింగాణీ హోల్డరే వాడాలి, పొట్టుకు కనీసం 45 సెంటీమీటర్ల ఎత్తు ఉండాలి. గుడ్డ పైకప్పు ఉన్న వెచ్చగది మీద ల్యాంప్ ఎప్పుడూ పెట్టొద్దు. పగలకుండా టెఫ్లాన్ లాంటి పూత పూసిన బల్బులు కొన్ని దొరుకుతాయి, వేడెక్కితే ఆ పూత నుంచి వచ్చే పొగ పక్షుల్ని నిమిషాల్లో చంపగలదు. బొగ్గుల కుంపటి మూసిన గదిలో పెట్టకూడదు, పిల్లలకే కాదు, చూడడానికి వెళ్లిన మీకూ కార్బన్ మోనాక్సైడ్ ప్రమాదమే.

అడుగు 5: ఒక రోజు ముందే నడిపి చూడడం

పిల్లలు వచ్చే ముందు రోజే అన్నీ సిద్ధం చేసి వేడి ఆన్ చెయ్యండి. పొట్టు లోపలిదాకా వెచ్చబడడానికి టైం పడుతుంది. వెచ్చగదిలో, పొట్టుకు ఐదు సెంటీమీటర్ల ఎత్తులో థర్మామీటరు పెట్టండి. పిల్లలు లేకుండా 30 డిగ్రీల దగ్గర నిలబడితే చాలు, అవి చేరాక పెరుగుతుంది. ప్లేట్ అయితే గాలి ఉష్ణోగ్రత కొలిచి లాభం లేదు, అరచేతి వెనక భాగం దానికి ఆనించి హాయిగా వెచ్చగా ఉందా అని చూడండి.

తెల్లవారుజామున నాలుగైదు గంటలకు ఒకసారి లేచి ఎంత ఉందో చూడండి. రోజులో అతి చల్లని వేళ అదే, మీ ఏర్పాటు నిలుస్తుందో లేదో అప్పుడే తెలుస్తుంది.

అడుగు 6: మొదటి రోజు, మొదటి సాయంత్రం

గుడ్డులోని పచ్చసొన మిగులు పొట్టలో ఉంటుంది కాబట్టి పిల్ల రెండు రోజులు తిండి లేకున్నా తట్టుకుంటుంది. అది ప్రయాణం కోసం ప్రకృతి ఇచ్చిన వెసులుబాటు, మనం వాడుకోవాల్సిన గడువు కాదు. రాగానే ఒక్కో పిల్ల ముక్కును గోరువెచ్చని నీళ్లలో ముంచి తియ్యండి. దూరం నుంచి వచ్చిన పిల్లలైతే మొదటి కొన్ని గంటలు లీటరు నీళ్లకు ఒక పెద్ద చెంచా చక్కెర కలపొచ్చు. ముంచిన పిల్లను పెట్టెలో మధ్యన వదలకుండా నేరుగా వెచ్చగదిలోకి తోయండి. తాను వచ్చిన దారిని పిల్ల గుర్తుపెట్టుకుంటుంది.

మొదటి రెండు మూడు రోజులు అట్టను వలయంగా నిలబెట్టి తిరిగే చోటును చిన్నది చెయ్యండి. దాణా, నీళ్లు గుమ్మానికి 40 సెంటీమీటర్ల లోపే ఉండాలి. వేడి దగ్గర మాత్రం పెట్టొద్దు.

అసలు గండం మొదటి సాయంత్రం. చీకటి పడగానే కొన్ని పిల్లలు గుమ్మం ఎక్కడుందో మరిచిపోయి, వెచ్చగది బయటి గోడకే ఆనుకుని గుంపుగా పడుకుంటాయి. అడుగు దూరంలో వెచ్చదనం ఉండి కూడా చలికి బిగుసుకుపోతాయి. లైటు ఒక్కసారిగా ఆర్పకండి, అరగంట ముందు నుంచి వెలుతురు తగ్గించండి. ఆర్పాక పది నిమిషాలు ఆగి టార్చితో చూడండి. బయట మిగిలినవాటిని ఒక్కోదాన్ని గుమ్మంలోంచి లోపలికి తోయండి, పైకప్పు ఎత్తి వేయకండి. మూడో రోజుకు చాలావరకు తామే దూరతాయి.

రాత్రి పడుకునే ముందు నాలుగైదు పిల్లల్ని పట్టుకుని గొంతు కింద మేత నిలిచే సంచిని వేలితో నొక్కి చూడండి. మెత్తగా, నిండుగా, చిన్న గోళీలా తగలాలి. 24 గంటలు గడిచేసరికి దాదాపు అన్ని పిల్లలకూ నిండి ఉండాలి. ఖాళీగా ఉన్నదానికి వేడి సరిపోలేదనో, నీళ్లు దొరకలేదనో అర్థం. అప్పుడే పిల్ల కాళ్లను కూడా మీ చెంపకు ఆనించి చూడండి. చల్లగా తగిలితే పిల్ల చలిలో ఉందన్నమాటే, థర్మామీటరు ఏం చెప్పినా సరే.

థర్మామీటరు కంటే పిల్లలే నయం

వేడి సరిగ్గా ఉన్నప్పుడు పిల్లలు పగలంతా వస్తూ పోతూ ఉంటాయి. కొన్ని తింటుంటాయి, కొన్ని గుమ్మంలో తల బయటపెట్టి కునుకుతుంటాయి. చప్పుడు సన్నగా, గుసగుసలాగా ఉంటుంది. చలేస్తే గొంతు మారుతుంది: పదునుగా, గట్టిగా, ఆగకుండా అరుస్తాయి. ఆ అరుపు వినగానే వెళ్లాలి. అది ఆగిపోయిందంటే పిల్ల వెచ్చబడిందనీ అనుకోవచ్చు, అరిచే ఓపిక పోయిందనీ అనుకోవచ్చు.

అన్నీ వెచ్చగది లోపలే ఉండి తిండికి కూడా రాకపోతే బయట మరీ చల్లగా ఉన్నట్టు. అన్నీ బయటే రెక్కలు విప్పుకుని పడుకుంటే లోపల ఉక్కగా ఉన్నట్టు, పైన ఉన్న గడ్డి సంచి తీసెయ్యండి.

వెనకాల రెట్ట గట్టిపడి అతుక్కుపోయిందేమో మొదటి వారం రోజూ చూడాలి. చలి తగిలినా, వేడి ఎక్కువైనా, ప్రయాణం బడలికకూ ఇది వస్తుంది. వదిలేస్తే దారి మూసుకుపోయి పిల్ల చస్తుంది. గోరువెచ్చని నీళ్లలో తడిపిన దూదితో నానబెట్టి తుడవండి, లాగకండి. పూర్తిగా ఆరాకే గుంపులోకి వదలండి.

నీళ్లు, దాణా, వెలుతురు

లోతు తక్కువ తొట్టి పెట్టి అందులో మొదటి వారం గులకరాళ్లు వెయ్యండి, పిల్ల పడినా తడవకుండా ఉంటుంది. తొట్టి కింద చెక్కపలకో జాలీయో ఉంటే చుట్టూ పొట్టు నానదు. నానిన పొట్టును అప్పటికప్పుడు చేత్తో తీసెయ్యండి, సాయంత్రం దాకా ఆగొద్దు. మొదటి వారం నీళ్లు గోరువెచ్చగా మారుస్తూ ఉండాలి. చల్లటి నీళ్లు తాగితే వాటిని ఒంటి వేడికి తెచ్చుకోవడానికే పిల్ల శక్తి ఖర్చవుతుంది.

18 నుంచి 20 శాతం ప్రొటీన్ ఉన్న చిక్ స్టార్టర్ దాణా ఎప్పుడూ అందుబాటులో ఉండాలి. చలిలో పిల్లలు ఎక్కువ తింటాయి, అది వాటి కట్టెలు. ఈకలు దాదాపు పూర్తిగా ప్రొటీనే కాబట్టి నూకలు, జొన్నల్లాంటి గింజలు కలిపి దాణాను పలచన చేస్తే ఈకలు ఆలస్యమవుతాయి. ఈ పద్ధతిలో ఈకలే మీ అసలు హీటరు.

చలికాలం రాత్రులు పొడుగు. చిన్న పిల్ల 13 గంటలు ఖాళీ పొట్టతో ఉంటే వేడి పుట్టించుకోలేదు. మొదటి వారం రాత్రి పది దాకా చిన్న ఎల్ఈడీ బల్బు వెలిగించండి. ఇది తినడానికి వెలుతురు మాత్రమే. రెండో వారం నుంచి రోజుకు కొంచెం ముందుగా ఆర్పుతూ రండి.

గాలి, అమ్మోనియా

రోజూ ఉదయం మోకాళ్ల మీద కూర్చుని, ముఖాన్ని పొట్టు దగ్గరికి తీసుకెళ్లి వాసన చూడండి. నిలబడి చూస్తే తెలియదు. కళ్లు కొంచెం మండినా ఆ గాలిలో పిల్లలు రాత్రంతా ఉన్నాయని గుర్తుపెట్టుకోండి. పిడికెడు పొట్టు తీసి నొక్కండి. విప్పగానే విడిపోవాలి. ముద్దలా ఉండిపోతే తడి ఎక్కువైంది, పైన పొడి పొట్టు వేస్తే సరిపోదు, ముద్దైనదాన్ని తీసెయ్యాల్సిందే. వెచ్చగదిలో పొట్టు రోజు మార్చి రోజు మార్చాలి.

మూడో వారం తర్వాత తడి పొట్టు ఇంకో ప్రమాదం తెస్తుంది, కాక్సిడియోసిస్ అనే పేగుల జబ్బు. ఈకలు రేగి, ముడుచుకుని కూర్చోవడం చూసి చలేమో అనుకుంటారు. రెట్టలో రక్తం కనిపిస్తే వేడి పెంచుతూ కూర్చోకండి, వెంటనే పశువైద్యుణ్ని అడిగి మందు నీళ్లలో కలపండి.

వేడి తగ్గించే క్రమం

గది 15 డిగ్రీల దగ్గర ఉందనుకుని చెబుతున్నాను. మొదటి వారం వేడి రాత్రీ పగలూ ఉండాలి. సీసా అయితే ఆరు గంటలకోసారి మార్చాలి, రాత్రి ఒంటి గంటకు అలారం పెట్టుకోక తప్పదు. రెండో వారం మధ్యాహ్నం పూట ఆపి చూడండి. అరుపులు లేకపోతే రోజురోజుకూ ఆ సమయాన్ని పెంచండి. మూడో వారం రాత్రి మాత్రమే. నాలుగో వారంలో ఎక్కువ గుంపులకు సీసా అవసరం ఉండదు, గుడ్డ పైకప్పు, గడ్డి గోడలు చాలు. అప్పటికి గది ఇరుకవుతుంది కాబట్టి గుమ్మం ఉన్న గోడను పూర్తిగా తీసేసి తెర ఒక్కటే ఉంచండి.

ఈ వారాల లెక్కను క్యాలెండరు చూసి అమలు చెయ్యకండి. ఒక పిల్లను పట్టుకుని భుజాల మధ్య ఈకలు వేలితో ఎత్తండి. కింద ఇంకా నూగే కనిపిస్తే తొందర వద్దు. గుంపులో అన్నిటికంటే వెనకబడ్డ పిల్లను చూసి నిర్ణయం తీసుకోండి, బాగా పెరిగినదాన్ని చూసి కాదు. వేడి ఆపిన మొదటి రెండు రాత్రులు వాతావరణం చూసుకుని ఎంచుకోండి.

కరెంటు పోతే, పిల్ల బిగుసుకుపోతే

ప్లేట్ వాడేవాళ్లు కూడా ఫ్లీస్ చట్రం, రెండు వేడినీళ్ల సీసాలు పక్కన సిద్ధంగా ఉంచుకోవాలి. కరెంటు పోగానే ప్లేట్ తీసి చట్రం దించండి, సీసాలు పెట్టండి, పిల్లల్ని లోపలికి పంపి గుమ్మం తెర మీద ఇంకో గుడ్డ సగం దాకా వెయ్యండి. గాలి రంధ్రాలు తెరిచే ఉంచండి.

కళ్లు మూసుకుని, మెడ వాల్చి, చల్లబడి పడి ఉన్న పిల్ల కనిపిస్తే చచ్చిందని పారెయ్యకండి. తడిగా ఉంటే మెత్తటి గుడ్డతో ఒత్తి ఆరబెట్టండి. గుడ్డలో చుట్టి చొక్కా లోపల ఒంటికి ఆనించుకోండి. నిప్పు దగ్గరో, వేడి గాలి డ్రయ్యర్ దగ్గరో పెట్టి గబగబా వేడి చెయ్యొద్దు. తల తానే నిలబెట్టేదాకా నీళ్లు తాగించకూడదు, ఊపిరితిత్తుల్లోకి పోతాయి. అరగంటకో గంటకో కాళ్లు కదిపి అరుపు మొదలుపెడితే అప్పుడు ముక్కు చివర ఒక చుక్క గోరువెచ్చని చక్కెర నీళ్లు పెట్టండి. పూర్తిగా తేరుకున్నాకే గుంపులోకి.

బయటికి మార్చడం

ఐదారు వారాలకు ఈకలు నిండి, వారం పాటు వేడి లేకుండా గడిపిన పిల్లల్ని బయటి గూటికి మార్చొచ్చు. పొడిగా ఉండి, గాలి కొట్టని గూడైతే అవి గడ్డకట్టే చలికి దగ్గరగా ఉన్న రాత్రుల్ని కూడా తట్టుకుంటాయి. వానలో తడిసి వచ్చిన పిల్ల మాత్రం అంత చలి లేని రాత్రి కూడా ప్రమాదంలో ఉన్నట్టే.

ముందు నాలుగైదు రోజులు పగటిపూట బయట వదిలి సాయంత్రం లోపలికి తీసుకురండి. పూర్తిగా మార్చిన రోజు వాటి పాత వెచ్చగదిని కూడా, పైకప్పు ఎత్తు పెంచి, గూట్లో పెట్టండి. కొత్త చోట అది తెలిసిన చోటు, మొదటి వారం రాత్రుళ్లు అందులోకే చేరతాయి.

గూట్లో నేలకు అడుగు ఎత్తులో 4, 5 సెంటీమీటర్ల వెడల్పున్న చదునైన కర్ర కట్టండి. గుండ్రటి సన్న కర్ర కంటే ఇది మేలు, కూర్చున్నప్పుడు వేళ్లు పూర్తిగా రొమ్ము ఈకల కిందికి వస్తాయి. పిల్లలన్నీ వరసగా కర్ర మీద పడుకోవడం మొదలుపెట్టాక వెచ్చగది తీసెయ్యండి. అట్టలు, గడ్డి ఎరువు గుంటలో వెయ్యండి. ఫ్లీస్ గుడ్డలు వేడినీళ్లలో ఉతికి, చట్రం ఎండలో ఆరబెట్టి, ఎలుకలకు అందని చోట దాచండి.